బావ చేతి నీళ్ళు

జీడిపిక్కను పైనుంచి చూసి లోపల పప్పెలా ఉందో చెప్పగలిగేవాడు ఇంకా పుట్టలేదు. పైకి నున్నగా నిగనిగలాడే పిక్కలోనే పప్పు నల్లగా కుళ్ళి ఉంటుంది. అందుకే మా పలాస మిల్లులో బస్తాలు దిగాయంటే నేను చెయ్యి పెట్టి, గుప్పెడు పిక్కలు తీసి, కోసి చూస్తాను. ఇరవై ఆరేళ్ళుగా నా పని అదే. ఏడో తరగతి తప్పినవాడికి ఇంతకంటే పెద్ద అధికారం ఎవరిస్తారు?

ఆ పనిలో ఒక కిటుకుంది. చెడ్డ పిక్క కనబడగానే అరవకూడదు. నోరు మూసుకుని ఇంకో గుప్పెడు కోయాలి, ఇంకో గుప్పెడు కోయాలి. అమ్మేవాడు ఏమేం కబుర్లు చెబుతాడో విని, ఆఖర్న బస్తాలన్నీ తిప్పి పంపించెయ్యాలి. ముందే అరిస్తే వాడు జాగ్రత్తపడతాడు.

ఈ కిటుకే నా కొంప ముంచబోయింది.

నా పేరు ఢిల్లేశ్వరరావు. కాశీబుగ్గలో పిల్లా పెద్దా డిల్లేసు మావ అంటారు. నేనున్న చోట కుర్చీ తడిమి చూసుకోకుండా ఎవరూ కూర్చోరు. మా తాతముత్తాతలది సముద్రం వేట. నాకు మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకని పలాస వచ్చి జీడిమిల్లులో పడ్డాను.

నా భార్య చిన్నతల్లిది భావనపాడు. ఆమెకు రెండేళ్ళ కిందట కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ "అయ్యో" అనరు. "ఎంతుంది?" అంటారు. రక్తంలో క్రియాటినిన్ ఎంతని. జ్వరం ఎంతుందని అడిగినట్టే. రక్తాలూ నీళ్ళూ పట్టుకెళ్ళినవాళ్ళు బోలెడుమంది వచ్చారు. ఫలానాదాని వల్లే అని తిరిగొచ్చి చెప్పినవాడు లేడు. దాంతో మాకు అన్నింటిమీదా అనుమానమే. నీటిమీద, మందుమీద, మనిషిమీద.

చిన్నతల్లి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొస్తుంది. రోజుకి అర లీటరు నీళ్ళు, అంతే. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసుకుని, చిట్టి స్టీలు గ్లాసుతో తాగుతుంది. టీ తాగిన రోజున సీసాలోంచి అంత తగ్గించుకుంటుంది. పుట్టింట్లో నలభై కొబ్బరిచెట్లున్న మనిషి, బొండం నీళ్ళు నోట్లో పోసుకోకూడదు.

కిడ్నీ మార్చాలన్నారు. నాకు షుగరు. నాది పనికిరాదన్నారు. అప్పుడు ఆమె తమ్ముడు పోలయ్య ముందుకొచ్చాడు. భావనపాడులోనే ఉంటాడు, పడవ మీద వేటకెళ్తాడు. "అక్కకి నానిత్తాను" అన్నాడు. ఇంట్లో అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను గానీ, సగం కన్నుతోనే. ఎవరైనా సరుకు తనంతట తానే ఇస్తానంటే నాకు గుప్పెడు తీసి కోసి చూడాలనిపిస్తుంది.

రక్తాలు కలిశాయి. ఇంకొక్క పరీక్ష మిగిలింది. విశాఖపట్నంలో ఏదో మందు ఎక్కించి, కిడ్నీలు ఒక్కొక్కటీ ఎంత పని చేస్తున్నాయో ఫోటో తీస్తారట. అది బాగుంటేనే ఆపరేషను.

నేను పలాసలో తెల్లవారుజామున బండెక్కాను. పోలయ్య నౌపడలో ఎక్కాడు. రెండు రోజులు సముద్రం మీదుండి, ఒడ్డుకొచ్చి, చొక్కా మార్చుకుని వచ్చేశాడట. పెదాలు ఎండి పొలుసులు లేచాయి. పలాస స్టేషన్లో కొన్న నీళ్ళ సీసా అందించాను.

"వద్దు బావా."

"టీ ఒచ్చింది, తాగుతావేటి?"

"వద్దు బావా."

శ్రీకాకుళం రోడ్డులో మజ్జిగ పేకెట్టు కొన్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేశాడు. "దాహం నేదు బావా" అన్నాడు.

దాహం లేదట! ఆ పెదాలు చూసి ఎవడు నమ్ముతాడు? మనసులో ఏదో పెట్టుకున్నాడనుకున్నాను.

"కాసులమ్మ ఏటందిరా?" అని అడిగాను. కాసులమ్మ అతని పెళ్ళాం.

"ఏటంటాది. జాగర్తగా ఎల్లి రమ్మంది."

కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. కిటికీ వైపు చూస్తూ చెప్పే మాట నేను నమ్మను. అయినా వాతావరణం తేలిక చేద్దామని పెట్టె అంతటికీ వినబడేలా అన్నాను: "ఒరే, ఆ మందు ఎక్కిత్తే ఒంట్లోంచి ఎలుగొత్తాదట. ఇంక పడవ మీద నీకు బేటరీ లైటక్కర్నేదు. సేపలే నిన్ను సూసి ఒచ్చేత్తాయి!"

పెట్టె అంతా నవ్వింది. పోలయ్య నవ్వలేదు.

స్కానింగు గది తలుపు మీద పసుపుపచ్చ బొమ్మ ఒకటుంది, మూడు రెక్కలది. "అదేటి బావా?" అన్నాడు. "ఫేను. లోపల గాలి బాగుంటాదని" అన్నాను. నావైపు అదోలా చూశాడు.

లోపల మిషను నడిపే పిల్ల పేరు తిరుమల. మాట వినగానే మనవైపుదని తెలిసింది. ఊరు నిమ్మాడ అంది.

"ఎక్సరే తీయించుకున్నారు కదా మావా. అందులో ఎలుగు మిషన్లోంచి ఒత్తాది. ఇది అలక్కాదు. మందు ఎక్కించాక ఎలుగు మనిషి ఒంట్లోంచే ఒత్తాది. మన కంటికి కనబడదు. కెమెరా ఊరికే సూత్తాది, అంతే. కిడ్నీ మందుని ఎంత బేగి లాక్కుంటాదో, ఎంత బేగి కిందకి ఒదిలేత్తాదో తెలిసిపోతాది."

"కొయ్యకుండానే?"

"కొయ్యకుండానే."

ఇరవై ఆరేళ్ళు కోసినవాడికి ఆ మాట కొంచెం గుచ్చుకుంది. "ఇంతకీ ఆ మందు ఎక్కణ్ణించి ఒత్తాదమ్మా?" అన్నాను, అనుమానంగా.

అద్దం అవతల బల్ల మీద బియ్యం డబ్బా అంత సీసపు పాత్ర చూపించింది. "అందులో ఒక సరుకుంటాది మావా. అది తనంతట తానే మారిపోతా ఈ మందుని పుట్టిత్తాది. టెక్నీషియం అంటారు. పొద్దున్నే ఉప్పునీళ్ళు పంపి దించుకుంటాం. మళ్ళా రేపటికి ఊరతాది."

"అయితే ఆవేటి?"

"మా సార్లూ దాన్ని ఆవనే అంటారు. రెండు వారాలు తిరిగేసరికి ఒట్టిపోతాది. కొత్తది తెప్పించుకోవాల. దించిన మందయినా నిలవుండదు. ఆరు గంటలకి సగం, ఇంకో ఆరు గంటలకి అందులో సగం. మీకని పొద్దున్నే కొలిచి తీసాను. పదిన్నరకి ఎక్కించీవాల."

పోలయ్య అప్పుడు నోరు విప్పాడు. "ఐసులో పెడితే ఆగదేటమ్మా?"

"ఐసుని అది లెక్కచెయ్యదు మావా. మీ సేప కన్నా కంగారు సరుకు."

పోలయ్య ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే. చొక్కా మార్చుకోవడానికీ, మొలతాడుకున్న రాగి తాయెత్తు తియ్యడానికీ పక్క గదిలోకి వెళ్ళాడు. తిరుమల లోపల్నించి నీళ్ళ సీసా ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది.

"అర లీటరు మావా. అరగంటలో మొత్తం తాగించీండి. ఒంట్లో నీళ్ళు సాలకపోతే మందు కిందకి దిగకుండా నిలబడిపోతాది. బాగున్న కిడ్నీ కూడా సెడ్డదానిలా కనబడతాది."

ఇంత ముఖ్యమైన మాట ఆ పిల్ల చెప్పింది. విన్నది నేనొక్కణ్ణే. దాన్ని మోసుకెళ్ళి పోలయ్యకి చెప్పడం నా పని. నేనేం చేశాను? తలుపు తోసి, సీసా అందించి, కన్ను కొట్టి, "తాగరా బామ్మర్దీ, ఈపాలి ఏటీ కలపనేదులే" అన్నాను.

బయటికొచ్చాను. తలుపు పూర్తిగా పడలేదు. సందులోంచి కనబడింది. పోలయ్య మూత తీసి వాసన చూశాడు. సీసా ఎత్తి లైటు కేసి చూశాడు. తర్వాత చేతులు కడుక్కునే తొట్టిలో మెల్లగా, చప్పుడు కాకుండా మొత్తం వంపేశాడు.

అర లీటరు. చిన్నతల్లికి ఒక రోజు.

పరీక్ష తప్పిపోవాలనే చేస్తున్నాడు! ఇవ్వనని మొహం మీద చెప్పలేక, మిషను చేత చెప్పిద్దామనుకుంటున్నాడు. నీళ్ళు తాగకపోతే లెక్క తప్పుతుందని వీడికెలా తెలుసు? ఎవరో చెప్పి పంపారు. కాసులమ్మే అయ్యుంటుంది.

మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. మూతి తుడుచుకుంటూ!

"తాగేసావా?"

"తాగేసాను."

చెడ్డ పిక్క దొరికింది. నేను నోరు మెదపలేదు.

మిషను మీద పడుకునే ముందు తిరుమలతో ఏదో గుసగుసలాడాడు. ఆ పిల్ల నావైపోసారి చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకో చెడ్డ పిక్క.

సూది వేసింది. తెర మీద ముందు ఏమీ లేదు, నల్లగా ఉంది. కాసేపటికి చుక్కలు చుక్కలుగా వెలుగు చేరి, రెండు జీడిపప్పులు ఎదురెదురుగా కనబడ్డాయి. రెండూ నిండు గుండ్లే. బద్ద కాదు, ముక్క కాదు. అంత అనుమానంలోనూ నా నోరు తెరుచుకుంది. కానీ అవి వెలిగినవి వెలిగినట్టే ఉండిపోయాయి. ఇరవై నిమిషాలైనా వెలుగు కిందికి జారలేదు.

మధ్యాహ్నం డాక్టరు నారాయణమూర్తిగారు కాగితం చూసి పెదవి విరిచారు. "కిడ్నీ ఇచ్చేవాళ్ళకి కిడ్నీల పని లెక్క ఎనభై అయినా ఉండాలంటాం. అరవై రెండొచ్చింది. మందు సరిగ్గా దిగలేదు కూడా. నీళ్ళు తాగారా?"

"తాగాను సార్" అన్నాడు పోలయ్య.

డాక్టరు నావైపు చూశారు. అప్పుడు చెప్పొచ్చు. గొంతు దాకా వచ్చింది. ఇంకో గుప్పెడు కోద్దాం, ఎంతవరకు వెళ్తాడో చూద్దాం అనుకున్నాను.

"నీళ్ళు తాగీ ఇలా ఉందంటే ఇతని చేత ఇప్పించడం మంచిది కాదు" అన్నారాయన. "ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి."

ఇంకెవరూ లేరు.

తిరుగుబండి ఎక్కాం. నౌపడలో పోలయ్య వెనక్కి చూడకుండా దిగిపోయాడు. ఇంటి దగ్గర చిన్నతల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏటన్నారు?" అంది. "రిపోర్టు రావడానికి నాలుగు రోజులు పడతాదట" అన్నాను. జన్మంతా అబద్ధాలాడి నవ్వించినవాణ్ణి. ఆ అబద్ధానికి మాత్రం నాకు నవ్వు రాలేదు.

మూడు రోజులు ఆమె చిట్టి గ్లాసు నింపుకున్నప్పుడల్లా నాకు ఆ తొట్టిలో నీళ్ళ చప్పుడే వినబడింది. నాలుగో రోజున మిల్లుకి సెలవు పెట్టి, టెక్కలిలో ఆటో మారి భావనపాడు వెళ్ళాను.

హార్బరు దగ్గర పడవలన్నీ వేటకెళ్ళాయి. పోలయ్య పడవ మాత్రం ఇసకలో ఉంది. దాక్కుంటున్నాడన్నమాట. చేపలెండబెట్టే కళ్ళంలో కాసులమ్మ నెత్తళ్ళు తిరగేస్తోంది. పోలయ్య పాక నీడలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"అక్కకెలగుంది బావా?"

"అక్క మాట నీకెందుకురా!" అని అరిచాను. నాలుగు రోజులు మూసిన నోరు. "సూసాన్రా నాను! తలుపు సందులోంచి నా రెండు కళ్ళతో సూసాను. అక్కకి రోజంతటికీ కొలిసిచ్చే నీళ్ళు నువ్వు తొట్టిలో పారబోసావు. ఇవ్వడం ఇష్టం నేకపోతే ఇవ్వనని సెప్పాల. పరీచ్చెందుకు సెడగొట్టావు?"

"నీళ్ళకీ పరీచ్చకీ ఏటి బావా?"

"తెలీనట్టు ఆడకు! నీళ్ళు తాగకపోతే మందు దిగదు. బాగున్న కిడ్నీ కూడా సెడ్డదానిలా కనబడతాది. ఆ పిల్ల సెప్పింది కదా!"

"ఎవరికి సెప్పింది?"

నేను ఆగాను. "నాకు."

"నువ్వు నాకు సెప్పావా?"

పోలయ్య మెల్లగా ఇసకలో కూలబడ్డాడు. "అయితే… నా కిడ్నీలు పోనేదేటి బావా? డాక్టరు అరవై అన్నకాణ్ణించి నాకూ ఊరి జబ్బే తగులుకుందనుకున్నాను. దీనికి సెప్పనేక, పడవెక్కనేక ఇక్కడే కూకుండిపోనాను."

కాసులమ్మ చేతిలో చేప జారవిడిచింది. "ఓలమ్మా! కడుపునొప్పని కదా సెప్పావు నాకు!"

"మరి నీళ్ళు ఎందుకు పారబోసావురా?" అన్నాను. నా గొంతు అప్పటికే సగం తగ్గిపోయింది.

"నీ సేత్తో ఇచ్చినవి నానెప్పుడు తాగాను బావా? ఒక్కపాలి గుర్తు సేసుకో."

కాసులమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నాకు గుర్తుంది సెప్తాను. మా పెళ్ళి నాడు నువ్విచ్చిన మజ్జిగ తాగి ఈయన ఊరేగింపు మధ్యలోంచి సముద్రం ఒడ్డుకి పరిగెట్టాడు. మా నాన్న పెళ్ళికొడుకు పారిపోనాడని పడవలేసుకుని ఎతికాడు. ఇరవై ఏళ్ళయింది అన్నయ్యా. మా అత్త సచ్చిపోయేదాకా ఆ ఇరేచనాల మజ్జిగ గురించే సెప్పుకుంది."

"ఆ తరవాత బొండంలో సముద్రం నీళ్ళు పోసిచ్చావు" అన్నాడు పోలయ్య. "సోడాలో కారం. కల్లులో ఏటి కలిపావో నువ్వే సెప్పాల. ఆ రోజూ నా సేతికి సీసా ఇచ్చి, ఏటీ కలపనేదని కన్ను కొట్టావు. కలపనేదంటే కలిపినట్టే కదా నీ లెక్క! డాక్టరు ముందు తాగనేదంటే నీ పరువు పోతాదని తాగానన్నాను."

ఇరవై ఏళ్ళు వెనక్కి తిరిగి చూసుకున్నాను. మా ఇంటికొచ్చిన ప్రతిసారీ పోలయ్య తనే వంటింట్లోకి వెళ్ళి, తనే బిందెలో ముంచుకుని తాగేవాడు. సొంత మనిషిలా చనువుగా ఉంటున్నాడని నేను మురిసిపోయేవాణ్ణి. బండిలో సీసా, టీ, మజ్జిగ. అన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవే. రెండు రోజులు సముద్రం మీద ఎండిన మనిషిని నేనే ఇంకా ఎండబెట్టి, నేనే అనుమానించి, నేనే నాలుగు రోజులు నోరు మూసుకున్నాను.

"ఇంకోపాలి ఎల్దాం రా" అన్నాను.

"ఎల్దాం" అన్నాడు. "మరి నిజంగానే పోయుంటే?"

కాసులమ్మ కుండలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. పోలయ్య గటగటా తాగేశాడు. నేను ఆ చెంబు ముట్టుకోలేదు.

డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పేసరికి నన్ను తిట్టి, మంగళవారానికి మళ్ళీ రాశారు. కొత్త ఆవు వచ్చిన మర్నాడే. తిరుమల సీసా ఈసారి పోలయ్య చేతికే ఇచ్చింది. అతను మూత తీసి నా ముందు పెట్టాడు.

"ముందు నువ్వు."

"ఒరే, ఆ పిల్ల నీ సేతికే ఇచ్చింది కదరా!"

"ఒత్తా ఒత్తా నువ్వు ఆ పిల్లతో మాటాడావు. ముందు నువ్వు."

ఒక గ్లాసు నేను, అదే గ్లాసుతో ఒకటి అతను. ఒక సీసా రెండయింది, రెండు నాలుగయ్యాయి. తిరుమల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "మీకు పరీచ్చ నేదు మావా, మీరెందుకు తాగుతున్నారు?"

"నాకే ఉందమ్మా పరీచ్చ" అన్నాను.

సూది పడింది. నాకు బాత్రూముకెళ్ళాల్సిన అవసరం పీకలదాకా ఉంది. కదల్లేదు. తెర మీద రెండు జీడిపప్పులు మళ్ళీ వచ్చాయి. కాళ్ళు మెలేసుకుని నిలబడి వాటినే చూస్తున్నాను. ఆరు నిమిషాలు. ఎనిమిది. పది. పన్నెండో నిమిషంలో వెలుగు అంచుల నుంచి పల్చబడి, సన్నటి ధారగా కిందికి జారడం మొదలెట్టింది.

"దిగుతోంది మావా" అంది తిరుమల. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ రోజు ఈయన నన్నేటడిగారో తెలుసా? రెంటిలో ఏది బాగుంటే అది అక్కకి ఇచ్చీమని సెప్పమన్నారు. మంచిది ఎప్పుడూ ఇచ్చినోళ్ళ కాడే ఉంచుతారు మావా అన్నాను. అయితే ఏది మంచిదో నువ్వు తప్పు సెప్పు, మా బావకి తెలీనీకు అన్నారు."

నేను బాత్రూముకి పరిగెత్తాను. ఆ పరుగు దేనికోసమో ఆ పిల్ల అడగలేదు.

తొంభై మూడొచ్చింది. డాక్టరు సంతకం పెట్టారు. ఎడమది తీస్తారట. కుడిది కొంచెం మెరుగు.

ఇద్దరం కలిసి ఇంటికెళ్ళేసరికి ఎండ ఇంకా ఉంది. చిన్నతల్లి అరుగు మీద కూర్చునుంది. పక్కన సీసాలో రెండు వేళ్ళ నీళ్ళు మిగిలాయి. సంగతంతా పోలయ్యే చెప్పాడు, నన్ను ఎక్కడా దాచకుండా. మజ్జిగ దగ్గర్నుంచీ చెప్పాడు. ఆమె నావైపు చూడలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"ఎన్ని నీళ్ళు తాగావురా?"

"లీటరుకి తక్కువ నేదక్కా."

"ఎలగున్నాయి?"

పోలయ్య ఆలోచించాడు. "బావ ఎంగిలి రుచే అక్కా."

చిన్నతల్లి నవ్వింది. రెండేళ్ళ తర్వాత దగ్గొచ్చేలా నవ్వింది. సీసాలో మిగిలిన నీళ్ళు చిట్టి గ్లాసులోకి వంచుకుని, నాకేసి చాపింది.

"ముందు నువ్వు తాగు. నమ్మకం నేదు."

గ్లాసు అందుకున్నాను. పెదాలకి ఆనించి, గుటక పడ్డట్టు కంఠం ఆడించి, చుక్క తగ్గకుండా తిరిగిచ్చాను. ఆమె గ్లాసు ఎత్తి అంచు చూసింది, నన్ను చూసింది.

"దొంగసచ్చినోడా" అని తాగింది.